కొస గట్టు మీది మూగ మెట్టు

చిట్టా 118

ఉప్పు మామూలే. సముద్రపు నీళ్లని మంచినీళ్లు చేసే రెండో ఫిల్టరు మొరాయించింది, నాలుగు తగిలిస్తే దారికొచ్చింది. మంచినీళ్లకి ఢోకా లేదు.

నిజానికి ఇంతవరకే రాయాలి. నాలుగో గట్టు మీద పనిచేసే ప్రతివాళ్లూ డ్యూటీ దిగేటప్పుడు చిట్టా రాయాలని రూలు. దాన్ని ఎవరూ చదవరన్నది రాయని రూలు. అందుకని నీళ్ల సంగతి ఒక ముక్క గీకేసి, మిగతా జాగాలో నాకు తోచింది రాసుకుంటాను.

మొన్నటి గాలికి పడమటి వైపు రేకులు రెండు లేచి సముద్రంలో పడ్డాయి. అసలు ఒడ్డు మా అమ్మ కాలంలోనే మునిగిపోయింది కాబట్టి, ఇనప కాళ్ల మీద నిలబెట్టిన ఈ వేదికల్నే గట్లు అని పిలుచుకుంటున్నాం. మా నాలుగో గట్టే పెద్ద గట్టు, మూడొందల గడప. అందరికంటే దూరంగా, తుపాన్లు కనిపెట్టడానికి వేసిన బుల్లి గట్టుని కొస గట్టు అంటారు. అక్కడ ఉండేది ఒక్క మనిషి, కోదండం గారు.

ఆయన్ని నేను కళ్లతో చూసింది ఒక్కసారే, సరుకుల పడవలో వెళ్లినప్పుడు. కానీ ఆరేళ్లుగా రోజూ సాయంత్రం ఇద్దరం కలిసి వాయిస్తాం. కొస గట్టుకీ మాకూ మధ్య సిగ్నలు మరీ సన్నం, మాట పట్టదు. మూడు బటన్లు పడతాయి: బాగున్నాను, సరుకు కావాలి, ప్రమాదం. అవి కాక పియానో పడుతుంది. ఏ మెట్టు, ఎంత గట్టిగా, ఎంతసేపు అన్న వివరం తప్ప శబ్దం పోదు గనక ఆ సన్నటి సిగ్నలుకి అది బరువు కాదు. ఆయన అక్కడ నొక్కితే ఇక్కడ నా పియానో మోగుతుంది. నేను నొక్కితే అక్కడ ఆయనది మోగుతుంది.

నాది మునిగిపోయిన మా చర్చిలోంచి మోసుకొచ్చిన డిజిటల్ పియానో. కీర్తనలు దాని మీదే నేర్చుకున్నాను. మేం రోజూ వాయించే మోడల్ జాజ్ అనే రకం బ్లూస్ కూడా దాని లోపల ఎవరో దాచిన పాఠాల్లోనే దొరికింది. పన్నెండు గదుల పాట, గది అంటే ఒక్క తాళం చుట్టు. మామూలు బ్లూస్ గది గదికీ స్వరాల గుత్తులు మార్చుకుంటూ తిరుగుతుంది. ఇది అంత తిరగదు. ఒక స్వరాల వరస పట్టుకుని, కష్టం చెప్పుకోవడానికి వచ్చిన మనిషి గుమ్మంలో కూర్చున్నట్టు, అక్కడే కూర్చుంటుంది. ఆ ఒక్కసారి వెళ్లినప్పుడు వాయించి చూపిస్తే కోదండం గారు నవ్వేశారు. ఒకప్పుడు నాటకాలకి హార్మోనియం వాయించిన మనిషి.

"ఇదేవిటండీ రూతమ్మగారూ! మా ఖరహరప్రియకి ఇంగ్లీషు చొక్కా తొడిగి తెచ్చారు," అన్నారు.

ఈ వరసకి అన్నీ తెల్ల మెట్లే. బ్లూస్‌కి ఏడుపు తెచ్చేది మాత్రం మధ్యమానికీ పంచమానికీ నడుమ ఉండే ఒక్క నల్ల మెట్టు. కోదండం గారి పియానోలో సరిగ్గా అదే చచ్చింది, ఉప్పుగాలి తినేసింది; ఆయన వేలికి పలకదు, నేను ఇక్కడ నొక్కితే మాత్రం అక్కడ మోగుతుంది. ఆయన అక్కడిదాకా వచ్చి ఆగుతారు. ఆ జాగాలో నల్ల మెట్టు నేను నొక్కుతాను. ఎప్పుడూ ఒక పిసరు ఆలస్యంగానే నొక్కుతాను. ఆ లాగడం చాలా అందంగా ఉందని ఆయన సరుకుల పడవలో చీటీ పంపి తెగ మెచ్చుకున్నారు. అందం కాదు, వేళ్ల కీళ్ల నొప్పులు. ఆ మాట ఆయనకి చెప్పలేదు.

ఇంకో కట్టుబాటు కూడా ఉంది మాకు. ఒకరు చెయ్యి తీసేస్తే రెండోవాళ్లు ఒంటరిగా సాగించకూడదు. షడ్జం మీదికి దిగి మూత వేసెయ్యాలి.

మొన్న అంత గాలిలోనూ, నిన్నా, ఈవేళా పాట ఎక్కడా తెగలేదు. నా పియానో ఉండే భోజనాల హాల్లో అందరూ చప్పట్లు కొట్టారు. దీనికి అతుకులమ్మకి దండం పెట్టాలి. సిగ్నలు గదిలో పనిచేసే సుభాషిణి పెట్టిన ప్రోగ్రాముకి మేం పెట్టుకున్న పేరది. పాట తెగిన చోట ముందూ వెనకా విని, ఇలా ఉంటుంది కాబోలు అనుకుని అతికేస్తుంది.

చిట్టా 121

ఉప్పు మామూలే.

ఈవేళ నల్ల మెట్టు తనంతట తాను మోగింది.

ఏడో గదిలో ఆయన మధ్యమం దాకా వచ్చారు. నేను వేలు ఎత్తి పెట్టుకున్నాను. నా వేలు దిగకముందే అది మోగింది. చక్కగా, ఎక్కడ పడాలో అక్కడ. మొదట నేనే పొరపాటున తగిలించానేమో అని చేతి వైపు చూసుకున్నాను. తర్వాత పన్నెండు గదులు తిరిగొచ్చిన ప్రతి వరసలోనూ అంతే.

అంటే మెట్టు బాగుచేసుకున్నారన్నమాట. సంతోషించాలి. నాకు మాత్రం ఒళ్లు మండింది. ఆరేళ్లుగా ఆ ఒక్క స్వరం నాది. బాగుచేయించుకుంటే చేయించుకున్నారు, మొదటి రోజైనా నా కోసం ఆ జాగా వదిలిపెట్టొచ్చు కదా. అలిగి, మిగతా పాటంతా ఎడమ చేత్తో ఊరికే కింది స్వరాలు నొక్కుతూ కూర్చున్నాను. ఆయనకి నా అలక తెలిసినట్టు లేదు. నా వాటా కూడా ఆయనే వాయించుకుపోయారు.

హాల్లోంచి వెళ్తూ ఒకాయన అన్నాడు, "కొస గట్టాయన ఈ మధ్య చెయ్యి తిరిగిన వాడైపోయాడండి!"

చిట్టా 123

ఉప్పు ఒక పిసరు ఎక్కువ. ఫిల్టరు మార్చాను.

అలక తగ్గాక అనుమానం మొదలైంది. మెట్టు బాగుచెయ్యడానికి లోపలి రబ్బరు ముక్క కావాలి. అది పెద్ద గట్టు నుంచి వెళ్లాలి. పడవ నడిపే సరంగు పోలరాజుని అడిగాను.

"కొస గట్టుకా? వానలు మొదలయ్యాక మనం ఎక్కడికెళ్లామండీ! బియ్యం, బ్యాటరీలు ముందే దింపేశాం కదా. మళ్లీ కార్తీకంలోనే."

"రబ్బరు ముక్క ఏదైనా పంపారా?"

"ఆయనడిగింది చుట్టలండి. అవే పంపాను."

చుట్టలంటే గుర్తొచ్చింది. తొమ్మిదో గదిలో ఆయన కుడి చెయ్యి ఖాళీ పెడతారు, ఆరిపోయిన చుట్ట వెలిగించుకోవడానికి. ఎడమ చెయ్యి ఒక్కటే సన్నగా నడుస్తుంది. అది పాటలో భాగమేమో అన్నంతగా అలవాటైపోయింది నాకు. ఈ సాయంత్రం కనిపెట్టి విన్నాను. తొమ్మిదో గది నిండుగా ఉంది. పాట మొదలు నుంచి చివరిదాకా కుడి చెయ్యి ఒక్కసారీ ఆగలేదు.

చుట్ట మానేశారేమో. మెట్టు తనే ఎలాగో బాగుచేసుకున్నారేమో. రెండూ ఒకే వారంలో జరిగాయేమో. ఇలా మూడు ఏమోలు కలిపి నాకు నేను సర్దిచెప్పుకుంటూ అన్నం తిన్నాను. అన్నం సయించలేదు.

చిట్టా 124

నీళ్ల సంగతి తర్వాత.

పొద్దున్నే సిగ్నలు గదికి వెళ్లాను. సుభాషిణి గోడ మీది లైట్లు చూపించింది. ప్రతి గట్టుకీ ఒక లైటు. సాయంత్రం పలకరింపుకి ఆ గట్టు నుంచి ఏదో ఒక శబ్దం వస్తే, భజనో, పాటో, వార్తలో, లైటు ఆకుపచ్చగా వెలుగుతుంది. మనుషులు బాగున్నారని దానర్థం. అంతకుమించి ఎవరూ ఎవర్నీ అడగరు. అది మా గట్లన్నిటి పద్ధతి.

"చూడక్కా, కొస గట్టు ఆకుపచ్చే. నీ పార్ట్‌నర్ భేషుగ్గా ఉన్నాడు," అంది.

"లైటు దేన్ని చూసి వెలుగుతుంది సుభా? అక్కడి సిగ్నలు స్తంభాన్ని చూసా, మన హాల్లో వినపడే పాటని చూసా?"

"పాటని చూసే. ఎందుకూ?"

"అతుకులమ్మ ఎంతసేపు అతకగలదు?"

"మొదట్లో రెండు మూడు క్షణాలే. వానాకాలంలో పాట తెగుతోందని మీరంతా గోల పెట్టారుగా అక్కా. అందుకని ఆ హద్దు తీసేశాను. మీ ఇద్దరి ఆరేళ్ల వాయింపూ దానికి వినిపించాను, వాయించేకొద్దీ అదే ఇంకా సరిదిద్దుకుంటుంది. మీరేగా బాగుందన్నారు."

నిజమే, బాగుందన్నాను. అందరికంటే గట్టిగా నేనే అన్నాను.

"అయితే సిగ్నలు మొత్తం పోయినా అతుకుతుందా?"

"అలా ఎందుకు పోతుందక్కా? పోతే ప్రమాదం బటను..." అంటూనే ఆగిపోయింది. సిగ్నలు పోతే బటనూ పోతుంది. ఆ సంగతి తన ముఖంలోకి రావడం నేను చూశాను. మరుక్షణంలోనే దాన్ని తోసేసింది. "లేదులే. అంత పాట ఉత్తిగా ఎవరు అల్లుతారు? చెయ్యి వింటుంటే తెలియట్లేదా ఆయనేనని!"

అదే నా గొడవ. చెయ్యి వింటుంటే ఆయనదే. ఒక చుట్టా, ఒక చచ్చిన మెట్టూ తప్ప అంతా ఆయనదే. అన్ని రోజుల పాటు తెగకుండా అతికింది తన ప్రోగ్రామే అయితే, ఆ అతుకుల వెనక మనిషి ఏమయ్యాడో సుభాషిణి ఆలోచించదల్చుకోలేదు. తిట్టాలనిపించింది గానీ, ఆ పిల్ల కొస గట్టు లైటు మీంచి చూపు తిప్పుకోలేకపోతోంది.

పోలరాజు దగ్గరికి వెళ్లాను. ఆయన నేను చెప్పేది ఓపిగ్గానే విన్నాడు.

"పోయినేడు ఎర్ర లైటుకి పడవ తీస్తేనే ఇద్దరు మనుషుల్ని సముద్రం పట్టుకుపోయిందండి. వాళ్లలో ఒకడు మా బావమరిది. ఇప్పుడు ఆకుపచ్చ లైటుకి తియ్యమంటున్నారు. దేనికి? ఆయన చుట్ట కాల్చట్లేదని! రేపు ఏదైనా అయితే కుర్రాళ్ల పెళ్లాలకి నేనేం చెప్పాలండి?"

ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. నాకు కోపం ఎవరి మీద చూపించాలో తెలియక గదికొచ్చి ఫిల్టర్లన్నీ విప్పి కడిగాను. ఉప్పు మామూలే.

చిట్టా 125

సాయంత్రం హాలు నిండా జనం. వాన కాబట్టి ఎవరికీ వేరే పని లేదు. పోలరాజుని, సుభాషిణిని ముందు బల్ల దగ్గర కూర్చోమని బతిమాలాను. ఇంకెవరికీ ఏమీ చెప్పలేదు.

మామూలుగానే మొదలుపెట్టాను. రెండు వరసలు వాయించాం. బాగుంది కూడా, అది చెప్పుకోవాలంటే సిగ్గుగా ఉంది. మూడో వరస ఐదో గదిలో రెండు చేతులూ తీసేసి ఒళ్లో పెట్టుకున్నాను.

ఆయనే అయితే షడ్జం మీదికి దిగాలి. దిగలేదు. పాట సాగిపోయింది.

అంతటితో ఆగినా బాగుండేది. నేను చెయ్యి తీయడం కూడా అతుకులమ్మకి తెగినట్టే తోచింది కాబోలు, నా వాటా కూడా అందుకుంది. ఎడమ వైపు నా కింది స్వరాలు, నేను తిప్పే మెలికలు, కీర్తనల్లోంచి నేను తెచ్చుకున్న చిన్న చిన్న అలవాట్లు, అన్నీ. నల్ల మెట్టు కూడా మోగింది, నాలా ఆలస్యం లేకుండా, సరిగ్గా సమయానికి. నా చేతులు నా ఒళ్లోనే ఉన్నాయి. నా ఎదురుగా పియానో నన్ను వాయిస్తోంది. నాకు ఏడుపొచ్చింది. భయంతో వచ్చిన ఏడుపు అది.

మొదట ఎవరో నవ్వారు. తర్వాత నా చేతులు చూసి నవ్వు ఆపేశారు. బల్లల దగ్గర ఒక్కొక్కరే లేచి నిలబడ్డారు. పాట ఇద్దరిదీ అంత ముచ్చటగా సాగుతూనే ఉంది.

"ఆపు," అన్నాడు పోలరాజు.

సుభాషిణి సిగ్నలు గదికి పరిగెత్తింది. కాసేపటికి పాట ఆగింది. తను తిరిగొచ్చి గుమ్మంలోనే నిలబడింది.

"అతుకు తీసేశాను. కొస గట్టు లైటు ఎర్రగా ఉంది. స్తంభం లేదు. అసలు అక్కడ్నుంచి ఏమీ రావట్లేదు. గాలి వచ్చిన రోజు నుంచీ..."

గాలి వచ్చిన రోజు. అంత గాలిలోనూ పాట తెగలేదని నేను ఈ చిట్టాలోనే మురిసిపోతూ రాశాను.

పోలరాజు నా వైపు చూడకుండా ఇద్దరు కుర్రాళ్లని కేకేసి పడవ రేవుకి దిగిపోయాడు.

చిట్టా 126

చూడలేదు. ఉప్పు ఎంతుందో నాకు తెలియదు. నేను కూడా వస్తానంటే పడవలో పడుకోబెట్టి తేవడానికి జాగా కావాలన్నారు. పడుకోబెట్టి అన్నారు గానీ, ప్రాణంతోనా కాదా అన్నది ఎవరూ పూర్తిచెయ్యలేదు.

పలకరింపు వేళయింది. ఈవేళ ఏ గట్టు లైటునీ ఎవరూ నమ్మలేదు. సుభాషిణి పొద్దుట్నుంచీ ప్రతి గట్టుకీ మైకులో పేరు పేరునా మనిషిని పిలిచి, తిరిగి పలికేదాకా వదలట్లేదు. గొంతు బొంగురుపోయింది. మంచినీళ్లు తీసుకెళ్లి ఇస్తే నా చెయ్యి పట్టుకుంది.

"నన్ను ఒక్క మాట తిట్టక్కా."

తిట్టలేదు. తిట్టడానికి నాకేం హక్కుంది? అతుకు బాగుందన్నప్పుడు ఇద్దరం ఒకే బల్ల మీద కూర్చుని ఉన్నాం.

చిట్టా 128

మనిషి ఉన్నారు.

మోకాలి కింద కుడి కాలు తీసేశారు. ఇంకో వారం ముందు తెస్తే కాలు ఉండేదని డాక్టరమ్మ అంది. ఆవిడ మామూలుగా చెప్పిందే అది, నన్ను అనాలని కాదు. నేను ఆ మాట విన్నప్పటినుంచి ఇంకేమీ వినలేకపోతున్నాను.

తెలివి వచ్చాక నన్ను పిలిపించారు. బాగా చిక్కిపోయారు. గడ్డం పెరిగింది. నన్ను చూసి లేవబోయారు, ఆ స్థితిలో కూడా మర్యాద.

గాలికి స్తంభం ఒరిగిపోతుంటే తాడు కట్టడానికి ఎక్కారట. కాలు నిచ్చెన మెట్ల మధ్య ఇరుక్కుని విరిగింది. దేక్కుంటూ లోపలికి వచ్చి ప్రమాదం బటను నొక్కారట. పియానో స్టూలు దగ్గరే బియ్యం డబ్బా, నీళ్ల పీపా. అక్కడే ఉండిపోయారు.

"సాయంత్రం అయ్యేసరికి మీ పాట వచ్చిందండి," అన్నారు.

నాకు అర్థం కాలేదు. "నా పాటా?"

"రోజూ వచ్చింది కదండీ! కబురు అందింది, పడవ బయల్దేరింది, అందాకా ధైర్యం చెప్తున్నారనుకున్నాను. ఆ నొప్పిలోనే నేనూ అందుకున్నాను. మర్నాడు పడవ రాలేదు. ఆ మర్నాడూ పాటే వచ్చింది, పడవ రాలేదు."

సిగ్నలు ఉన్న రోజుల్లోనే సుభాషిణి అక్కడా పెట్టిన అతుకులమ్మ రెండు కొసల్లోనూ ఉందన్న సంగతి నాకు అప్పటిదాకా తట్టలేదు. ఇక్కడ నాకు ఆయన్ని అతికినట్టే అక్కడ ఆయనకి నన్ను అతికింది. కాలు కుళ్లుతూ ఆయన అక్కడ పడి ఉంటే, రోజూ సాయంత్రం నేను వెళ్లి హాయిగా పియానో వాయించి వచ్చాను. ఆయనకి తెలిసిన నేను అది.

"నన్ను ఏమనుకున్నారు?" అని అడిగాను. అడగకుండా ఉండలేకపోయాను.

"దాచడం దేనికండీ, నాటకాల్లో నేర్చిన తిట్లన్నీ తిట్టాను." నవ్వబోయి దగ్గు తెచ్చుకున్నారు. "ఒకరోజు నల్ల మెట్టు కోసం ఆగాను. సమయానికి పడింది. మళ్లీ ఆగాను, మళ్లీ సమయానికే. మా రూతమ్మగారు ఆరేళ్లలో ఒక్కసారైనా సమయానికి నొక్కారా? అప్పుడు తెలిసిందండి, ఇది మీరు కాదని. తిట్టినవన్నీ వెనక్కి తీసుకున్నాను."

"అది కీళ్ల నొప్పులండి," అన్నాను. ఏడుస్తూ అన్నాను.

"తెలుసండి. మా ఆవిడకీ ఉండేవి."

మళ్లీ అన్నారు, "మీరు కాదని తెలిశాక భయం ఇంకా ఎక్కువైంది. మీరు కాకపోతే ఇంక నా సంగతి ఎవరికీ తెలియదు కదండీ."

చిట్టా 141

ఉప్పు మామూలే.

అతుకులమ్మని తీసేశాక పాటలన్నీ మళ్లీ తెగుతున్నాయి. మొన్న మా హాల్లోనే ఒకావిడ, ఆ గాలి తర్వాతి సాయంత్రాల రికార్డింగులు ఏమైనా ఉన్నాయా, అవే అన్నిటికంటే బాగున్నాయి అని అడిగింది. పాపం, మనసులో ఏమీ పెట్టుకుని అడగలేదు. నేను లేచి వచ్చేశాను.

ఈవేళ కోదండం గారిని చక్రాల కుర్చీలో హాలుకి తీసుకొచ్చారు. పియానో ముందు ఆపి, నన్ను పక్కన స్టూలు వేసుకోమన్నారు.

"పెడల్ మీరు తొక్కాలండి," అన్నారు మామూలుగా. అక్కడ తొక్కాల్సిన కాలు వైపు ఇద్దరం చూడలేదు.

నా పియానోలో అన్ని మెట్లూ మోగుతాయి. ఆయన ఎన్నో ఏళ్లకి నిండుగా ఉన్న మెట్ల మీద చెయ్యి వేశారు. మెల్లగా మొదలుపెట్టారు. మధ్యమధ్యలో తడబడుతున్నారు. తొమ్మిదో గదిలో అలవాటు కొద్దీ కుడి చెయ్యి జేబు దగ్గరికి వెళ్లి, డాక్టరమ్మని చూసి వెనక్కి వచ్చింది.

రెండో వరసలో మధ్యమం దాకా వచ్చి ఆగారు. నల్ల మెట్టు ఆయన వేలి కిందే ఉంది. నొక్కితే మోగుతుంది. నొక్కలేదు. వేలు కొంచెం పైకెత్తి, కళ్లు మూసుకుని, ఆ జాగా నాకు వదిలారు.

ఈసారైనా సమయానికి నొక్కాలని గట్టిగా అనుకున్నాను. నా వేలు నా మాట ఎప్పుడు విన్నది కనక. ఒక పిసరు ఆలస్యంగానే దిగింది.

"మీరేనండి," అన్నారు కళ్లు తెరవకుండానే, పాట ముందుకి తీసుకెళ్తూ.